ఒట్టు వేసే ముందు చేయి వణుకుతుంది: అమెరికాలోని తెలుగు సంఘాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను 31 ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. మా వారు పోయాక అబ్బాయి దగ్గరికి వచ్చాను. గ్రీన్ కార్డు మీద ఐదేళ్లు గడిచాక దరఖాస్తు పెట్టుకుని, 66వ ఏట అమెరికా పౌరురాలినయ్యాను. ఆ మరుసటి నెలలో మీ సంఘాల్లో ఒకటి నన్ను వేదిక మీదికి పిలిచింది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టించారు, చేతికి మైకు ఇచ్చి 'ఎలా అనిపిస్తోందమ్మా?' అని అడిగారు. 'చాలా సంతోషంగా ఉంది' అని చెప్పి దిగిపోయాను. అబద్ధం కాదు. అయితే రెండు మార్కుల ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాసి చేతులు దులుపుకునే పిల్లలు ఉంటారు చూడండి, ఆ రోజు నేను ఇచ్చిందీ అలాంటి జవాబే. నా తరగతిలో అయితే ఒక మార్కు కోసేదాన్ని. మిగిలిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు పౌరసత్వం ఎందుకు కోరుకున్నానో చెప్పాలి. విన్నవాళ్లు నవ్వుతారు. ఇండియాలో ఎక్కువ రోజులు ఉండటానికి. మా అక్కయ్యకు 74 ఏళ్లు, ఒంటరిది. ఆమె దగ్గర ఏడాదో, ఇంకా పైనో ఉండాలని నా కోరిక. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందేమోనన్న అనుమానం మొదలవుతుంది. ఏడాది దాటాలంటే బయలుదేరే ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. అన్నీ సరిగ్గా ఉన్నా తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో 'మీరు ఉండేది ఇక్కడా, అక్కడా?' అని అడుగుతారేమోనని వరుసలో నిలబడ్డంతసేపూ నోరు ఎండిపోయేది. పౌరురాలికి ఆ బెడద లేదు. అంటే పుట్టిన దేశంలో స్థిమితంగా ఉండటానికి పుట్టిన దేశపు పౌరసత్వాన్ని వదులుకున్నానన్నమాట. మా ఈడు తల్లిదండ్రులు చాలామందిది ఇదే లెక్క. ఈ లెక్కలోని తిరకాసును ఎవరూ పైకి అనరు.

ఇక మీ సంగతి. పన్నుల మీద సదస్సులు పెడతారు, ఆస్తుల వీలునామాల మీద పెడతారు, పిల్లల కాలేజీ ప్రవేశాల మీద పెడతారు. పౌరసత్వం దగ్గరికి వచ్చేసరికి, ఇంటర్వ్యూలో అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే ప్రశ్నల జాబితా ఒకటి వాట్సాప్ గుంపులో పడేసి 'ఆల్ ది బెస్ట్' అని రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఆ జాబితా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. మాకు దొరకనిది వేరే ఉంది.

నా దరఖాస్తు వెళ్లిన వారానికి మా గుంపులో ఒకాయన రాశారు: '65 దాటిన వాళ్లు కంగారు పడనక్కర్లేదు. చుక్క గుర్తు పెట్టిన 20 ప్రశ్నలు చదువుకుంటే చాలు.' నేను ఎగిరి గంతేశాను. రెండు నెలలు ఆ 20 ప్రశ్నలే వల్లె వేశాను. తర్వాత మా కోడలు నిబంధన చదివి చెప్పింది: 65 ఏళ్ల వయసుతో పాటు 20 ఏళ్లు గ్రీన్ కార్డు మీద ఉండి ఉండాలట. ఇంగ్లీషు పరీక్ష నుంచి మినహాయింపు కావాలన్నా 50 ఏళ్ల వయసుకు 20 ఏళ్లు, 55 ఏళ్ల వయసుకు 15 ఏళ్లు గ్రీన్ కార్డుతో గడిచి ఉండాలి. ఆ మినహాయింపు దొరికినవాళ్లు కూడా పౌరశాస్త్రం ప్రశ్నలకు తమ భాషలో, దుబాసీ సాయంతో జవాబు చెప్పాల్సిందే. నాకు ఉన్నది ఐదేళ్లే. 100 ప్రశ్నలూ, ఇంగ్లీషూ రెండూ తప్పవు. ఆ పెద్దమనిషి కావాలని తప్పు చెప్పలేదు, సగం చెప్పారు. పూర్తి అబద్ధాన్ని ఎవరో ఒకరు పట్టేస్తారు, సగం నిజాన్ని మాత్రం అందరూ ఇంకొకరికి పంపుతారు.

మరొకటి: 'ఇంటర్వ్యూలో తప్పితే గ్రీన్ కార్డు కూడా లాగేసుకుంటారు.' దీనికి నేను పోగొట్టుకున్న నిద్ర అంతా ఇంతా కాదు. నిజానికి పరీక్షలో తప్పితే 60 నుంచి 90 రోజుల లోపు మరోసారి పిలుస్తారు, తప్పిన భాగం వరకే మళ్లీ పెడతారు. అప్పుడూ తప్పితే దరఖాస్తు తిరస్కరిస్తారు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరీక్ష తప్పినందుకు గ్రీన్ కార్డు పోదు.

అలాగని ప్రమాదం అసలే లేదనీ కాదు. అది ఎక్కడ ఉందో మీరు చెప్పరు, అదీ నా బాధ. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే చోట ఒక కాగితంలో 'ఓటరుగా నమోదు చేయమంటారా?' అన్న గడి ఉంటుంది. ఇంగ్లీషు సరిగ్గా రాని పెద్దమనిషి అన్నిటితో పాటు దానికీ టిక్కు పెడితే, పౌరుడు కాకుండానే ఓటరుగా చేరినట్టవుతుంది. ఏళ్ల తర్వాత పౌరసత్వ దరఖాస్తులో, అంటే ఎన్-400 ఫారంలో, ఆ ప్రశ్న ఎదురవుతుంది. ఏనాడో పడిన చిన్న కేసు, ఎక్కువ కాలం బయట ఉన్న ప్రయాణం, ఇలాంటివి ఉన్నవాళ్లు దరఖాస్తుకు ముందే వలస చట్టం తెలిసిన లాయరును కలవాలి. గుంపులోని అనుభవజ్ఞులను కాదు. నాకు ఇవేవీ లేవు. అయినా లేవని నమ్మకంగా అనుకోలేకపోవడమే అసలు జబ్బు. ఎన్-400 నిండా 'ఎప్పుడైనా' అన్న మాట ఉంటుంది. ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, ఎప్పుడైనా అబద్ధం చెప్పి ప్రభుత్వం నుంచి లబ్ధి పొందారా, ఎప్పుడైనా ఎవరినైనా హింసించారా, నరమేధంలో పాల్గొన్నారా, కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా. ఆ ఒక్క మాటలో 66 ఏళ్లూ ఇరుక్కుంటాయి. బడి నుంచి సుద్దముక్క కూడా ఇంటికి తెచ్చుకోని దాన్ని, అర్ధరాత్రి లేచి కూర్చుని ఉద్యోగంలో ఉన్నప్పుడు ఉపాధ్యాయుల సమ్మెలో జెండా పట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటి గుర్తు తెచ్చుకుని, అది ఏ పార్టీ జెండానో అని అబ్బాయిని నిద్ర లేపాను. 'అమ్మా, అది మీ ఉపాధ్యాయ సంఘం జెండా, పడుకో' అన్నాడు. పడుకున్నాను, నిద్ర మాత్రం రాలేదు.

చదువు బాగానే సాగింది, అది చెప్పాలి. మా మనవడు పరీక్షాధికారి. రాజ్యాంగ సవరణలు ఎన్ని అంటే 27, ప్రతినిధుల సభలో ఓటున్న సభ్యులు ఎందరు అంటే 435, సెనెటర్లు 100. బట్టీ పట్టడం మా తరానికి కొత్త కాదు. మనవడు అడిగితే 100కు 100. కోడలు అడిగినా అంతే. వాళ్లు అడిగేటప్పుడు జవాబు వాళ్ల కళ్లల్లోనే సగం కనిపిస్తుంది. పరాయి మనిషి బల్లకు అవతల కూర్చుని, కంప్యూటరు తెర వైపు చూస్తూ, నాకు అలవాటు లేని యాసలో అడిగితే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ నేర్పలేరు.

ఏమైందో చెబుతాను. అధికారి మంచి మనిషి. ముందుగా కుడి చేయి ఎత్తించి నిజమే చెబుతానని ప్రమాణం చేయించాడు. ఆ చేయి దించాక బల్ల కింద దాచుకున్నాను, వణుకు కనబడకుండా. నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాను. ఐదోది: అమెరికా పడమటి తీరాన ఉన్న మహాసముద్రం ఏది? నా నోటి నుంచి వచ్చిన మాట 'అరేబియా'. పడమర అరేబియా, తూర్పున బంగాళాఖాతం. మూడో తరగతిలో చూపుడు వేలితో గోడ మీది పటం మీద నేర్చుకున్నది, 66 ఏళ్ల వయసులో ఎక్కడో అడుగు నుంచి లేచి వచ్చి కూర్చుంది. అతను తల ఎత్తి చూశాడు. నవ్వలేదు. తప్పు అని కూడా అనలేదు. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. నాకు చెమటలు పట్టాయి. నేను తప్పు జవాబు చెప్పిన పిల్లల వంక ఎలా చూసేదాన్నో, 31 ఏళ్ల చూపులన్నీ ఆ ఒక్క క్షణంలో నా మీదికి తిరిగాయి.

నా దరఖాస్తు నాటి పద్ధతిలో 10 ప్రశ్నల దాకా అడుగుతారు, ఆరు సరైతే ఆపేస్తారు. ఏడో ప్రశ్నతో నా ఆరు పూర్తయ్యాయి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు లెక్క మారింది: జాబితాలో 128 ప్రశ్నలు, 20 దాకా అడుగుతారు, 12 సరైనవి కావాలి. మీ గుంపుల్లో ఇప్పటికీ పాత జాబితాయే తిరుగుతోంది, దయచేసి చూసుకోండి. చదివే వాక్యం, రాసే వాక్యం ఒక్కొక్కటీ మూడు అవకాశాల్లో ఒక్కసారి సరిగ్గా వస్తే చాలు. రాయమన్న వాక్యం పౌరుల ఓటు హక్కు గురించి. నా దస్తూరీ బోర్డు మీద బాగుండేదని పేరు. ఆ రోజు నేను రాసింది చూస్తే ఒకటో తరగతి పిల్ల నయం.

తర్వాత ఫారంలోని ప్రశ్నలు. చట్టం కోరితే దేశం కోసం ఆయుధం పడతారా అని అడిగాడు. మోకాళ్ల నొప్పితో మెట్లు ఒక్కొక్కటే దిగే నన్ను! పడతానన్నాను. అడిగిన ఇంగ్లీషు మాటకు అర్థం తెలుసా అని కూడా అడిగాడు, చేతులతో తుపాకీ పట్టినట్టు చూపించాను. అప్పుడు మాత్రం అతను నవ్వాడు. ఇలాంటి బరువైన మాటలు ఆ ఫారంలో ఇరవై ముప్పై ఉంటాయి. ప్రశ్నల జాబితా కంటే మా పెద్దవాళ్లను ముంచేది ఈ మాటలే. వీటిని తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లు ఒక్కరు ఉంటే చాలు.

ఉత్తీర్ణురాలినని కాగితం చేతికి ఇచ్చారు. ఇంటికి వచ్చి గట్టిగా ఏడ్చాను. భయం తీరిన ఏడుపు అనుకున్నారు మా వాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. ప్రమాణ స్వీకారానికి మూడు వారాల వ్యవధి ఉంది. ఆ మూడు వారాల్లో ఏడుపు ఆగకపోయేసరికి, ఇది పరీక్ష భయం కాదని అర్థమైంది.

ప్రమాణ పత్రం ముందే ఇంటికి తెచ్చుకుని చదివాను. చదవకుండా ఒట్టు వేయడం నా వల్ల కాదు. పిల్లలం 'ఒట్టు తీసి గట్టున పెట్టు' అనుకునేవాళ్లం, తప్పు ఒట్టు తగలకుండా. ఈ ఒట్టును గట్టున పెట్టే వీలు లేదు. ఇంతవరకు నేను ప్రజగానో పౌరురాలిగానో ఉన్న ఏ విదేశీ రాజుకు, ప్రభువుకు, రాజ్యానికి చెందిన విధేయతనైనా పూర్తిగా త్యజిస్తున్నానని అందులో ఉంది. రాజెవరు నాకు? 1950 జనవరి 26 తర్వాత పుట్టినదాన్ని, నాకు గణతంత్రం తప్ప రాజు తెలియడు. ఆ ముక్క దగ్గర నవ్వు వచ్చింది. రాజ్యం దగ్గర ఆగిపోయాను.

తెలుగు మేష్టారమ్మను కదా, 'రినౌన్స్' అన్న ఆ ఇంగ్లీషు క్రియకు తెలుగు వెతకడం మొదలుపెట్టాను. విసర్జించడం అనలేం, ఆ మాట చెత్తకు, మురికికి వాడతాం. విడనాడటంలో పోట్లాట ఉంది, నేను ఎవరితోనూ పోట్లాడలేదు. పరిత్యజించడం అంటే సీత గుర్తొస్తుంది, తప్పు చేయనివాళ్లను అడవికి పంపడం. చివరికి వదులుకోవడం దగ్గర ఆగాను. వదిలేయడం వేరు, వదులుకోవడం వేరు. నాది అయినదాన్నే వదులుకోగలను. నాది కానిదాన్ని వదులుకున్నానని ఎవరూ అనరు. ఆ చిన్న 'కో' దొరికాక కాస్త ఊపిరాడింది. ఆ తర్వాత ప్రమాణం మొత్తం మళ్లీ చదివితే ఇంకొకటి కనబడింది. అందులో విధేయత అన్న మాట ఉంది, విశ్వాసం ఉంది, రాజ్యాంగాన్ని సమర్థించడం ఉంది, రక్షించడం ఉంది. మమకారం గురించి ఒక్క అక్షరం లేదు. దాన్ని వాళ్లు అడగలేదు. ఈ ఒక్క మాట మీ సభల్లో ఎవరైనా ఎప్పుడైనా అని ఉంటే నా మూడు వారాల నిద్ర నాకు దక్కేది.

ఈ బాధ ఎవరికైనా చెబుదామంటే సిగ్గు. మా అపార్టుమెంటులోనే ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలు ఉన్నారు. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి, ఆ వరుసలో మనవాళ్లు ఏళ్ల తరబడి నిలబడి ఉన్నారు. గ్రీన్ కార్డే రాని పిల్ల ముందు, పౌరసత్వం వస్తోందని ఏడుస్తున్నానంటే ఎంత బాగుంటుంది? ఒకావిడ ముఖం మీదే అన్నది: 'మీ ఏడుపు ఆ పిల్లలు వింటే రాయి తీసుకుని కొడతారండీ.' నిజమే కావచ్చు. అయినా ఆకలిగా ఉన్నవాడి బాధ నిజమైనంత మాత్రాన, తిన్నవాడి కడుపునొప్పి అబద్ధం అయిపోదు.

ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో వైష్ణో దాస్ బగాయ్ కథ చదివాను. 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. 1921లో ఇక్కడి పౌరుడయ్యాడు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు శ్వేతజాతి వాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందినవాళ్ల దగ్గరి నుంచి కూడా వెనక్కి తీసుకున్నారు. అటు వదులుకుని వచ్చాడు, ఇటు లాగేసుకున్నారు. సొంత దేశం చూసి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ప్రాణం తీసుకున్నాడు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ మనవాళ్లకు ఈ తలుపు తెరుచుకోలేదు. కళా బగాయ్ 1950లో పౌరురాలయ్యారు, ఇవాళ బర్కిలీ నగరంలో ఒక వీధికి ఆమె పేరుంది. ఆ కథ చదివాక నా ఏడుపు తగ్గిందని చెప్పను. ఈ కాగితం కోసం ఎవరెవరు ఏమిచ్చుకున్నారో తెలిశాక, దాన్ని కేవలం ప్రయాణాల కోసం తెచ్చుకుంటున్నానని చెప్పుకోవడం మాత్రం మానేశాను. మీ సంఘాల వార్షిక సంచికల్లో వేసే వ్యాసాల మధ్య ఆమె కథకు రెండు పేజీలు దొరకవా?

ప్రమాణం రోజున తలుపు దగ్గరే గ్రీన్ కార్డు తీసుకున్నారు. పౌరసత్వ పత్రం ఇచ్చేది ప్రమాణం అయ్యాక. మధ్యలో గంటంపావు. చట్టం ప్రకారం నేను ఏమీ కోల్పోలేదని అబ్బాయి చెబుతూనే ఉన్నాడు. కానీ చేతి సంచి తెరిచి చూస్తే ఎప్పుడూ కార్డు ఉండే అర ఖాళీగా ఉంది. దాన్ని పది సార్లు తడిమి ఉంటాను. దేశాల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే ఆయా దేశాల వాళ్లు లేచి నిలబడాలి. నా పక్కన కూర్చున్న కుర్రవాడు తన దేశం పేరు రాగానే కుర్చీ కింద పడేంత వేగంగా లేచాడు. అతను యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాడట, తర్వాత చెప్పాడు. వదులుకోవడానికి అతనికి అక్కడ ఏమీ మిగల్లేదు. 'ఇండియా' అని చదివినప్పుడు నేను లేచాను. ఆ పేరు విని ఆ హోదాలో లేవడం అదే చివరిసారి. ప్రమాణంలోని ప్రతి మాటా పలికాను, ఒక్కటీ మింగలేదు. మింగితే దొంగ ఒట్టు అవుతుంది.

తర్వాత చిన్న జెండా, ఫొటోలు, పాస్‌పోర్టు దరఖాస్తు. ఇదంతా మామూలే. పత్రంలో పేరు సరిగ్గా ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలని మాత్రం మీవాళ్లకు చెప్పండి. ఇంటిపేరు ముందు రాసే మనకు, దాన్ని వెనక్కి నెట్టే ఫారాలకు ఎప్పుడూ పేచీయే.

అసలు పేచీ ఇంటికి వచ్చాక. 1955 నాటి భారత పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, మరో దేశపు పౌరసత్వం కోరి తెచ్చుకున్న క్షణానే మనం భారత పౌరులం కాకుండా పోతాం. ఇక పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. దాన్ని అప్పగించి, అప్పగించినట్టు పత్రం తీసుకుని, అప్పుడు ఓసీఐ కార్డుకు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు ఇండియా ఇచ్చే కార్డుకు, పెట్టుకోవాలి. ఈ వరుస తెలియక ప్రమాణం అయిన పది రోజులకే ఇండియా టికెట్లు కొనుక్కున్న దంపతులు నాకు తెలుసు. ఓసీఐ వస్తే ఎన్నాళ్లయినా ఉండవచ్చు. ఓటు ఉండదు, సాగు భూమి కొనడానికి ఉండదు.

భూమి నాకు ఎలాగూ లేదు. ఓటు దగ్గర గుండె కలుక్కుమంది. ఉపాధ్యాయులకు ఎన్నికల విధులు తప్పవు. ఎన్ని ఎన్నికల్లో పోలింగు కేంద్రంలో కూర్చున్నానో లెక్క లేదు. సిరా సీసా ముందు పెట్టుకుని, ముసలివాళ్ల ఎడమ చూపుడు వేలు నా వేళ్లతో పట్టుకుని గీత గీసేదాన్ని. వేలు వణుకుతుంటే 'ఏం కాదమ్మా' అనేదాన్ని. ఇప్పుడు ఆ సిరా నా వేలికి అంటుకునే అర్హత లేదు. ఈ మాట కాన్సులేట్ ఫారంలో ఏ గడిలో రాయాలి?

పాత పాస్‌పోర్టు పోస్టులో పంపడానికి కవరులో పెట్టి, మళ్లీ తీసి, చివరి పేజీ చూశాను. మీరూ చూసుకోండి. అందులో నాన్న పేరు ఉంది, అమ్మ పేరు ఉంది, మా వారి పేరు ఉంది. ఆయన ఉండగా తీసుకున్న పాస్‌పోర్టు అది. కొత్త నీలం పుస్తకంలో అలాంటి పేజీ లేదు, అందులో నేను ఒక్కదాన్నే. ఐదు వారాలకు పాతది తిరిగి వచ్చింది, రద్దు ముద్ర వేసి. పేర్ల పేజీ మీద ముద్ర పడలేదు. దాన్ని బీరువాలో ఆయన కళ్లజోడు పక్కన పెట్టుకున్నాను. ముందే ఎవరైనా 'రద్దు చేసి తిరిగి ఇస్తారు' అని చెప్పి ఉంటే, కవరు అంటించిన రోజున ఆయన్ని రెండోసారి సాగనంపినట్టు కూర్చునేదాన్ని కాదు.

నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. శాలువాలకు పెట్టే ఖర్చు ఆపి, నెలకు రెండు ఆదివారాలు ఒక గది తెరవండి. ప్రశ్నలు అడగడానికి ఆ పెద్దవాళ్లకు పరిచయం లేని మనిషిని, వీలైతే తెలుగు రానివాళ్లను కూర్చోబెట్టండి. ఫారంలోని బరువైన మాటలకు తెలుగులో అర్థాలు నేను రాసిస్తాను, ఇప్పటికే సగం రాశాను. చట్టం గురించి మాట్లాడాలంటే లాయరును పిలవండి, లేకపోతే మాట్లాడకండి. ప్రమాణం రోజున ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్ల పక్కన ఒకరు కూర్చోండి, ఆ గంటంపావు కోసం. మైకు ఇవ్వదలిస్తే 'ఎలా అనిపిస్తోంది' అని అడిగాక కనీసం రెండు నిమిషాలు ఆగండి, మొదటి వాక్యం అయిపోగానే చప్పట్లు మొదలుపెట్టకండి.

మీ జవాబు వచ్చేదాకా నేను ఆగలేను. మా వీధిలో ఒకావిడ ఉంది, నాకంటే మూడేళ్లు చిన్నది. ఆమె ఇంటర్వ్యూ వచ్చే గురువారం. రోజూ సాయంత్రం మా ఇంటికి వస్తోంది. నేను అడిగితే 128 ప్రశ్నలకూ గడగడా చెబుతుంది, నేనంటే భయం లేదు కాబట్టి. బుధవారం లోపల ఆమె ఎన్నడూ చూడని మనిషి ఒకరు కావాలి. కాస్త ముక్తసరిగా మాట్లాడేవాళ్లయితే మరీ మంచిది. మీ కార్యవర్గంలో అలాంటివాళ్లు ఉన్నారని విన్నాను, పంపండి.

ఇట్లు,
రిటైరైన ఒక తెలుగు ఉపాధ్యాయిని